పదమూడు టీముల ఇష్ స్మిత్: అన్నిసార్లు ఎందుకు మారాడు?

ఎండ తగ్గాక విశాఖలో ఏ బాస్కెట్‌బాల్ కోర్టు దగ్గర నిలబడినా కుర్రాళ్ల వీపుల మీద కనిపించే పేర్లు మూడో నాలుగో ఉంటాయి: కరీ, లెబ్రాన్, కోబీ. ఇష్ స్మిత్ పేరున్న జెర్సీ నాకైతే ఇంతవరకు తగల్లేదు. తగిలినా, ఏ టీముది అని మళ్లీ అడగాల్సిందే. అమెరికాలోని ఎన్‌బీఏలో మొత్తం 30 టీములుంటే, వాటిలో 13 టీములకు ఆడాడు అతను. లీగ్ చరిత్రలో ఇన్ని టీములకు ఆడినవాడు ఇంకొకడు లేడు.

ఈ మాట చెప్పగానే, కొడుకుని రోజూ ప్రాక్టీసుకి దింపే ఒక రైల్వే ఉద్యోగి నవ్వేశారు. “అదేటండీ, మంచోడైతే ఎవలైనా వదులుకుంటారా? ఆడలేకే కదా ఆడు అన్ని చోట్లకి తిరిగాడు!”

న్యాయమైన అనుమానమే. తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరుకోవని సామెత చెప్పుకునే మనకు, ఒకచోట కుదురుగా ఉండని మనిషి మీద మంచి అభిప్రాయం ఉండదు. అయితే ఇక్కడో చిక్కుంది. ఆడలేనివాణ్ణి ఎన్‌బీఏ పదమూడు చోట్లకు తిప్పదు, మొదటి చోటు నుంచే ఇంటికి పంపేస్తుంది. స్మిత్ 2010 నుంచి 2024 దాకా 14 సీజన్లు ఆడాడు. లీగ్‌లో అడుగుపెట్టిన చాలామందికి అందులో సగం కూడా దక్కదు. మరి అంతకాలం పనికొచ్చినవాణ్ణి ఎవరూ ఎందుకు అట్టే పెట్టుకోలేదు? దీనికి జవాబు అతని ఆటలో కొంతే దొరుకుతుంది. మిగతాదంతా టీముల జీతాల పద్దులో ఉంది.

స్మిత్ పుట్టింది 1988లో, నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో. ఎత్తు ఆరడుగులు. మన వీధిలో పొడుగరి, ఎన్‌బీఏలో పొట్టివాడు. వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీ టీములో పాయింట్ గార్డ్‌గా ఆడాడు. బంతిని ముందుకు తీసుకొచ్చి, ఎవరెక్కడ ఉండాలో సర్ది, అదను చూసి సరైనవాడి చేతికి అందించడం పాయింట్ గార్డ్ పని. చివరి షాట్ వేయడానికి వీలుగా అందించే ఆ పాస్‌ను అసిస్ట్ అంటారు. ఆ యూనివర్సిటీ చరిత్రలో అసిస్టుల లెక్కలో స్మిత్‌ది రెండో స్థానం. మొదటి స్థానంలో ఉన్నది ఐదడుగుల మూడంగుళాల మగ్సీ బోగ్స్. స్మిత్ బలమంతా వేగమే. ఎదుటివాడు కాళ్లు సర్దుకునేలోపే దాటేసి బుట్ట దగ్గరికి చేరిపోతాడు. దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్ మాత్రం అంతంత మాత్రం. 2010 డ్రాఫ్ట్‌లో టీములన్నీ కలిసి 60 మంది కొత్తవాళ్లను ఎంచుకున్నాయి. ఆ అరవైలో అతని పేరు లేదు.

తర్వాతి కథకంతటికీ మూలం ఇక్కడే ఉంది. డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో ఎంపికైన కుర్రాడికి తొలి రెండేళ్ల జీతం గ్యారంటీ. ఆడినా ఆడకపోయినా డబ్బు వస్తుంది. డబ్బు పెట్టాం కాబట్టి టీము కూడా ఓపిక పడుతుంది, తప్పులు చేయనిస్తుంది, నేర్పిస్తుంది. రెండో రౌండ్‌వాడికి నిబంధన ప్రకారం ఆ గ్యారంటీ లేదు. ఎంపికే కానివాడు ప్రీ-సీజన్ శిబిరంలో అందరితో పోటీపడి సీటు సంపాదించుకోవాలి. స్మిత్ హ్యూస్టన్ రాకెట్స్‌లో అలాగే సంపాదించాడు. ఆ ఏడాది కొత్తవాడి కనీస జీతం 4,73,604 డాలర్లు. వినడానికి బోలెడు డబ్బు. కానీ గ్యారంటీ లేని కాంట్రాక్టు చేతిలో ఉంటే అది ఏడాది పొడవునా వస్తుందన్న భరోసా లేదు.

పదిహేను కుర్చీలు

ఎన్‌బీఏ టీములో రెగ్యులర్ సీటు కేవలం 15 మందికే. సీజన్ మొదలయ్యాక పదహారో మనిషి కావాలంటే ఉన్నవాళ్లలో ఒకణ్ణి తీసేయాలి. 2017లో వచ్చిన టూ-వే కాంట్రాక్టులు (అసలు టీముకూ దాని అనుబంధ జట్టుకూ కలిపి ఆడేవి) కొంత వెసులుబాటు ఇచ్చినా స్మిత్ తిరిగిన రోజుల్లో ఎక్కువ భాగం అవి లేవు. పదిహేనులో మొదటి ఎనిమిది తొమ్మిది మంది ఆడతారు, తర్వాతి ముగ్గురు నలుగురు రేపటి కోసం పెంచుతున్న కుర్రాళ్లు. ఇక మిగిలేవి రెండో మూడో కుర్చీలు. లీగ్‌లో ఊళ్లు తిరిగే ఆటగాళ్లందరూ ఈ చివరి కుర్చీల దగ్గరే కాచుకుని ఉంటారు.

ఆ కుర్చీలో కూర్చున్నవాడు క్యాలెండర్ చూసి భయపడతాడు. జనవరి 10న, ఆనాటికి టీములో ఉన్నవాళ్లందరి కాంట్రాక్టులూ సీజన్ చివరిదాకా గ్యారంటీ అయిపోతాయి. కాబట్టి ఎటూ తేల్చుకోలేని టీములు అంతకుముందే వదిలించుకుంటాయి. దీన్నే వెయివ్ చేయడం అంటారు. వెయివ్ అయిన ఆటగాణ్ణి 48 గంటల్లోపు ఇంకో టీము అదే కాంట్రాక్టుతో తీసుకోవచ్చు. ఎవరూ తీసుకోకపోతే ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చోవడమే. జనవరి 5 నుంచి ఇంకో తలుపు తెరుచుకుంటుంది, అదే 10 రోజుల కాంట్రాక్టు. పది రోజులు లేదా మూడు మ్యాచ్‌లు, రెండింటిలో ఏది ఎక్కువైతే అంతవరకు. ఒకే టీము ఒకే ఆటగాడికి సీజన్‌లో ఇలా రెండుసార్లే ఇవ్వగలదు. ఆ తర్వాత సీజన్ చివరిదాకా ఉంచుకోవాలి, లేదంటే దండం పెట్టేయాలి.

స్మిత్ తొలి ఏళ్లు ఈ క్యాలెండర్ ప్రకారమే గడిచాయి. 2011 ఫిబ్రవరిలో హ్యూస్టన్ టీము షేన్ బాటియే అనే ఆటగాణ్ణి మెంఫిస్‌కు ఇచ్చినప్పుడు, స్మిత్ కూడా ఆ మూటలో వెళ్లాడు. అదే ఏడాది డిసెంబరులో మెంఫిస్ వదిలేసింది. గోల్డెన్ స్టేట్ తీసుకుంది. కొద్ది వారాలకే అదీ వదిలేస్తే, ఓర్లాండో పిలిచింది. రెండేళ్లు తిరక్కుండానే నాలుగు ఊళ్లు.

గోల్డెన్ స్టేట్ ముచ్చట కొంచెం ఆగి చెప్పుకోవాలి. ఆ డిసెంబరులోనే ఆ టీము ఇంకో పాయింట్ గార్డ్‌ను వదిలేసింది. అతను కూడా 2010 డ్రాఫ్ట్‌లో ఎంపిక కానివాడే, పేరు జెరెమీ లిన్. బుట్ట దగ్గర ఆడే డియాండ్రే జోర్డాన్ అనే పొడుగరికి పెద్ద జీతం ఆశ చూపడానికి, లీగ్ పెట్టిన జీతాల పరిమితి లోపల పద్దులో జాగా కావాలి. ఆ జాగా కోసం చిన్న కాంట్రాక్టులు ఖాళీ చేశారు, లిన్ పోయాడు. చివరికి జోర్డాన్ రానే లేదు, అతని పాత టీమే అతణ్ణి నిలుపుకుంది. లిన్ హ్యూస్టన్ మీదుగా న్యూయార్క్ చేరి, 2012 ఫిబ్రవరిలో ప్రపంచమంతా తన పేరు మోగించాడు. ఎంపిక కాని ఇద్దరు గార్డులు, ఒకే నెల, ఒకే టీము. ఒకడు బయటికి, ఒకడు లోపలికి. వీళ్లలో ఎవరు మెరుగని ఆ టీము కూర్చుని తూకం వేసిందని మనం ఊహించుకుంటాం. అక్కడ తూచింది జీతాల పద్దును మాత్రమే.

మనిషి కాదు, కాంట్రాక్టు ప్రయాణిస్తుంది

ఐపీఎల్ చూసేవాళ్లకు టీములు మారడం కొత్త కాదు. ఆస్ట్రేలియా ఓపెనర్ ఆరోన్ ఫించ్ తొమ్మిది ఐపీఎల్ టీములకు ఆడాడు. కానీ అక్కడ ఆటగాడు ఎక్కువగా వేలంలో కొత్త ధర పలికి మారతాడు. ఎన్‌బీఏ ట్రేడ్‌లో వేలంపాట ఉండదు, ధర మారదు. ఉన్న కాంట్రాక్టు ఉన్నట్టుగా ఇంకో టీము చేతిలోకి వెళ్లిపోతుంది. అందులో పేరున్న మనిషి పెట్టె సర్దుకుని వెళ్లాలి. వద్దనే హక్కు లీగ్‌లో వేళ్ల మీద లెక్కపెట్టే కొద్దిమందికే ఉంటుంది. ఒప్పుకుంటావా అని మిగతావాళ్లను అడగరు కూడా.

ఇందులో ఇంకో మెలిక ఉంది. జీతాల పరిమితి దాటిన టీము ట్రేడ్ చేయాలంటే, ఇచ్చే జీతాలకూ పుచ్చుకునే జీతాలకూ దగ్గరగా పొంతన కుదరాలి. పెద్ద ఆటగాడి జీతానికి సరితూగాలంటే పక్కన ఒకటో రెండో చిన్న కాంట్రాక్టులు కలపాలి. ఒక్కోసారి కుర్చీల లెక్క సరిపోవడానికి కూడా కలుపుతారు. 2013 ఫిబ్రవరిలో ఓర్లాండో మిల్వాకీకి అసలు ఇవ్వదలచుకున్నది జేజే రెడిక్‌ను. స్మిత్, గుస్తావో అయోన్ కూడా అతనితో వెళ్లారు. అటునుంచి టొబయాస్ హారిస్‌తో పాటు మరో ఇద్దరు వచ్చారు. ఆరు నెలలకు మిల్వాకీ కారన్ బట్లర్ కోసం స్మిత్‌ను ఇంకొకరితో కలిపి ఫీనిక్స్‌కు పంపింది. ఈ రెండు ట్రేడ్‌లలోనూ స్మిత్ ఎలా ఆడుతున్నాడన్నది పెద్ద ప్రశ్నే కాదు. అతని కాంట్రాక్టు చిన్నది, సులువుగా ఇమిడిపోతుంది. అంతే.

2015 ఫిబ్రవరిలో జరిగింది ఇంకా చోద్యం. అప్పటికి ఓక్లహోమా సిటీలో ఉన్నాడు. ట్రేడ్‌ల గడువు చివరి రోజున ఆ టీము పెద్ద బేరం కుదుర్చుకుని కొత్తవాళ్లను తెచ్చుకుంది, కుర్చీలు నిండిపోయాయి. స్మిత్‌ను న్యూ ఆర్లీన్స్‌కు పంపింది. న్యూ ఆర్లీన్స్‌కూ అదే ఇరుకు, అతణ్ణి కోర్టులోకి దింపకుండానే వెయివ్ చేసింది. 48 గంటల గడువులో ఫిలడెల్ఫియా అందుకుంది. అంటే కొద్ది రోజుల్లో మూడు టీముల కాగితాల మీద పేరు, ఆడింది మాత్రం రెండింటికే. పదమూడు అనే లెక్క నిజానికి అతను ఆడిన టీములది. పిలిచి, శిబిరంలో ఉంచుకుని, సీజన్‌కు ముందే పంపేసినవి, ఇలా కాగితం మీదే తాకి వెళ్లినవి కూడా కలిపితే ఆ ప్రయాణాల జాబితా ఇంకా పొడుగవుతుంది.

తిరిగేవాడికి తగిలే అసలు దెబ్బ ఇంకోటుంది, దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోరు. ఒకప్పటి స్టార్ ఆటగాడు లారీ బర్డ్ పేరు మీద ‘బర్డ్ హక్కులు’ అనే నిబంధన ఒకటుంది. ఒక ఆటగాడు మూడు సీజన్లు వెయివ్ కాకుండా, తనంతట తాను టీము మారకుండా ఉంటే, జీతాల పరిమితి దాటి అయినా అతనికి పెద్ద జీతం ఇచ్చి నిలుపుకునే వీలు అతని టీముకు ఉంటుంది. కుదురుగా ఉన్నవాడికే కుదురుగా ఉండే అవకాశం పెరుగుతుంది. ఏటేటా వెయివ్ అయ్యేవాడికి ఆ మూడేళ్లు ఎప్పటికీ పూర్తి కావు. ప్రతి వేసవిలో మళ్లీ ఒకటో మెట్టు దగ్గరే నిలబడాలి.

ఈ హక్కులను దొడ్డిదారిన వాడుకోబోయి బోల్తాపడ్డ కథ కూడా ఒకటుంది. స్మిత్‌కు ముందు 12 టీముల రికార్డు నలుగురి పేరు మీద ఉండేది: చకీ బ్రౌన్, జిమ్ జాక్సన్, టోనీ మాసెన్‌బర్గ్, జో స్మిత్. వీళ్లలో జో స్మిత్ 1995 డ్రాఫ్ట్‌లో మొట్టమొదట ఎంపికైనవాడు. అలాంటివాడు కూడా పన్నెండు టీములు తిరిగాడంటే, తిరగడానికీ ఆట రాకపోవడానికీ పొంతన లేదని అక్కడే తేలిపోతుంది. మిన్నెసోటా టీము అతనితో రహస్యంగా ఒక ఒప్పందం చేసుకుంది. కొన్నేళ్లు తక్కువ జీతానికి ఆడు, బర్డ్ హక్కులు వచ్చాక భారీ కాంట్రాక్టు ఇస్తామని. 2000లో అది బయటపడింది. లీగ్ అతని కాంట్రాక్టును రద్దు చేసింది, టీముకు 35 లక్షల డాలర్ల జరిమానా వేసి, రాబోయే డ్రాఫ్ట్‌లలో ఐదు మొదటి రౌండ్ ఎంపికల హక్కు లాక్కుంది. వాటిలో కొన్ని తర్వాత తిరిగిచ్చింది. జో స్మిత్ ఒక ఏడాది డెట్రాయిట్‌లో ఆడి, మళ్లీ మిన్నెసోటాకే వచ్చాడు.

క్రిస్మస్ ముందు రోజు

ఇష్ స్మిత్ కథలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది 2015 డిసెంబరు 24.

ఫిలడెల్ఫియా 76ers అప్పుడు కావాలనే ఓడిపోతోంది. ఆటగాళ్లు కాదు, మేనేజ్‌మెంట్. ఎన్‌బీఏలో అట్టడుగున ఉన్న టీముకు వచ్చే డ్రాఫ్ట్‌లో ముందుగా ఎంచుకునే అవకాశం ఎక్కువ. జనరల్ మేనేజర్ శామ్ హింకీ కొన్నేళ్లు ఓడిపోయి, మంచి కుర్రాళ్లను పోగేసి, తర్వాత గెలుద్దామన్న పథకం వేశాడు. ఆ పథకం ప్రకారం, ముందటి వేసవిలో స్మిత్‌ను ఉంచుకోవాల్సిన అవసరం వాళ్లకు కనబడలేదు. ఆడింది బాగానే ఉన్నా పైసా తీసుకోకుండా పోనిచ్చారు. వాషింగ్టన్ శిబిరానికి వెళ్లాడు, వాళ్లు వెయివ్ చేశారు, న్యూ ఆర్లీన్స్ పిలిచింది. ఈసారి అక్కడ నిజంగానే ఆడాడు.

ఇటు ఫిలడెల్ఫియా మొదటి 18 మ్యాచ్‌లు వరసగా ఓడింది. డిసెంబరు 24 నాటికి 31 ఆడితే గెలిచింది ఒకటి. లీగ్‌లో 82 మ్యాచ్‌ల సీజన్‌లో అతి చెత్త రికార్డు 9 గెలుపులు, 73 ఓటములు. అది 1972-73లో ఇదే ఫిలడెల్ఫియాది. ఆ పరువు కూడా పోయేలా ఉంది. పైగా పథకం కోసం పోగేసిన పొడుగాటి కుర్రాళ్లు నెర్లెన్స్ నోయెల్, జహ్లీల్ ఓకఫోర్‌లకు బంతి అందించే దిక్కు లేదు. బుట్ట కింద చెయ్యి చాపి నిలబడ్డవాడికి సమయానికి బంతి రాకపోతే, వాడెంత ప్రతిభావంతుడైనా పనికిరానివాడిలాగే కనిపిస్తాడు. పెంచుకోవాల్సిన మొక్కలే ఎండిపోతున్నాయని అర్థమైంది.

అప్పుడు రాబోయే డ్రాఫ్ట్‌లలో రెండు రెండో రౌండ్ ఎంపికల హక్కు ఇచ్చి న్యూ ఆర్లీన్స్ నుంచి స్మిత్‌ను తెచ్చుకున్నారు. వేసవిలో ఉచితంగా వదిలేసిన మనిషినే శీతాకాలంలో వెల చెల్లించి తెచ్చుకున్నారన్నమాట. ఆ అయిదారు నెలల్లో స్మిత్ ఆట ఏమీ మారలేదు. ఫిలడెల్ఫియాలో ఖాళీ అయిన కుర్చీ మారింది. 26న ఫీనిక్స్‌లో జరిగిన తొలి మ్యాచ్‌లోనే గెలిచారు. అతను అక్కడ 50 మ్యాచ్‌లు ఆడి, మ్యాచ్‌కు సగటున 14కు పైగా పాయింట్లు, 7 అసిస్టులు చేశాడు. సీజన్ 10-72తో ముగిసింది. గొప్ప రికార్డేం కాదు. కానీ పదో గెలుపు వల్ల చరిత్రలో అతి చెత్త అనే మాట తప్పిపోయింది. ఆ తర్వాత డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపికా వాళ్లకే వచ్చింది, బెన్ సిమన్స్‌ను తెచ్చుకున్నారు. పరువూ దక్కింది, పథకమూ పండింది. స్మిత్‌ను మళ్లీ పోనిచ్చారు.

ఈసారి మాత్రం కాలం కలిసొచ్చింది. కొత్త టీవీ హక్కుల డబ్బు 2016 వేసవిలో లీగ్‌లోకి వచ్చిపడింది. టీము జీతాల పరిమితి ఒక్కసారిగా సుమారు 7 కోట్ల డాలర్ల నుంచి 9.4 కోట్లకు ఎగిరింది. అందరి చేతిలోనూ ఖర్చుపెట్టాల్సిన డబ్బే. డెట్రాయిట్ స్మిత్‌కు మూడేళ్లకు 1.8 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చింది. ఆరేళ్లు ఊళ్లు తిరిగినవాడికి తొలిసారి మూడేళ్ల ఇల్లు దొరికింది. అక్కడి మొదటి గార్డ్ రెజీ జాక్సన్ మోకాలి నొప్పితో సీజన్ మొదట్లో లేకపోవడంతో నేరుగా తుది ఐదుగురిలో దిగాడు. మూడేళ్లూ ఉన్నాడు. తర్వాత వాషింగ్టన్‌లో రెండేళ్లకు 1.2 కోట్లు.

అతని విలువ ఎక్కడుందో ఇప్పటికి అర్థమయ్యే ఉంటుంది. రెండో పాయింట్ గార్డ్ అనే ఉద్యోగం, మొదటివాడికి దెబ్బ తగిలినప్పుడు ఉన్నట్టుండి మొదటి ఉద్యోగం అయిపోతుంది. నిన్న వచ్చినవాడు ఇవాళ కోచ్ ఎత్తుగడలన్నీ ఒంటబట్టించుకుని, తనకంటే పెద్ద జీతగాళ్లకు ఎక్కడ నిలబడాలో చెప్పగలగాలి. టీము మారినప్పుడల్లా సైగలు మారతాయి, ఎత్తుగడల పేర్లు మారతాయి, ఎవడికి బంతి ఎక్కడ ఇష్టమో మారుతుంది. వీటిని వారంలో పట్టేసేవాళ్లు లీగ్‌లో తక్కువ. పైగా నిబంధనలు కూడా అనుభవజ్ఞుడి వైపే కాస్త మొగ్గుతాయి. మూడేళ్ల అనుభవం నిండిన ఆటగాడు ఒక ఏడాది కనీస జీతానికి కుదిరితే, రెండేళ్ల అనుభవం ఉన్నవాడికిచ్చే మేరకే టీము భరిస్తుంది, మిగతాది లీగ్ కడుతుంది. పాతవాడు ఖరీదని కుర్రాణ్ణి పెట్టుకునే ప్రలోభం దీనివల్ల తగ్గుతుంది. సీజన్‌లో ఒక్కరోజు టీము జాబితాలో ఉన్నా, కనీస జీతం లెక్కకు ఒక ఏడాది సర్వీసు కిందే. మూడేళ్ల సర్వీసు నిండితే పెన్షన్‌కు అర్హత వస్తుంది. పది రోజుల కాంట్రాక్టు కోసం మంచులో పడి రాత్రి విమానం ఎక్కేవాళ్లను చూసి జాలిపడతాం గానీ, వాళ్లు లెక్క తెలిసే ఎక్కుతారు.

2021లో స్మిత్ సొంతూరు షార్లెట్‌కు చేరాడు. అది పన్నెండో టీము. ఏడాది నిండకుండానే మళ్లీ వాషింగ్టన్‌కు ట్రేడ్. 2022 వేసవిలో అక్కడి నుంచి కెంటావియస్ కాల్డ్‌వెల్-పోప్‌తో కలిపి డెన్వర్‌కు. ఎప్పటిలాగే అసలు బేరం పక్కవాడిది. డెన్వర్ జెర్సీతో కోర్టులో దిగినప్పుడు రికార్డు అతని ఒక్కడిదే అయింది. మరుసటి జూన్‌లో డెన్వర్ ఫైనల్స్‌లో మయామీని 4-1తో ఓడించి, తన చరిత్రలో తొలి టైటిల్ గెలిచింది. మన లెక్కలో అది 2023 జూన్ 13 మంగళవారం పొద్దున్న. ఆరింటికి మ్యాచ్ మొదలైంది. ఆఫీసులకు తయారవుతూ ఫోన్లలో చూసినవాళ్లు విశాఖలో ఉన్నారు. ఫైనల్స్‌లో స్మిత్ ఎక్కువగా బెంచీ మీదే ఉన్నాడు, కానీ టైటిల్ గెలిచినవాళ్లకిచ్చే ఉంగరం ఉంగరమే. తర్వాతి సీజన్ మళ్లీ షార్లెట్‌లో ఆడాడు.

ఇక మన ఊరి సంగతి

ఆ రైల్వే ఉద్యోగి అడిగిన ప్రశ్నకు కారణం ఆయన ఉద్యోగంలోనే ఉందని నా అనుమానం. మన దేశంలో బాస్కెట్‌బాల్ బతుకంటే చాలాకాలంగా ఒకటే దారి, స్పోర్ట్స్ కోటా. రైల్వేలో, నేవీలో, బ్యాంకుల్లో ఉద్యోగం తెచ్చుకుని ఆ సంస్థకు ఆడటం. జాతీయ చాంపియన్‌షిప్‌లో రాష్ట్రాల పక్కన రైల్వేస్, సర్వీసెస్ సొంత జట్లతో దిగుతాయి. రైల్వే డివిజన్, తూర్పు నౌకాదళం ఉన్న ఊళ్లో తల్లిదండ్రులకు ఈ దారి తెలిసినంతగా ఇంకేదీ తెలియదు. ఇక్కడ ఒకే యజమాని, ఒకే జెర్సీ, రిటైరయ్యేదాకా జీతం. మోకాలు పోయినా ఉద్యోగం పోదు. ఆ భద్రతను నేను తక్కువ చేయను. కానీ ఆ ఏర్పాటులో ఆటగాడి స్థాయిని బజారు ఎప్పుడూ కొలవదు. వేరే లీగ్‌కు ఆడాలంటే సెలవూ అనుమతీ కావాలి. రెండో గార్డ్‌గా ఫలానా ఊళ్లో ఖాళీ ఉందన్న కబురుకు విలువే ఉండదు. కుదురుతనమే కొలబద్ద అయినచోట స్మిత్ లాంటివాడు ఓడిపోయినవాడిలా కనబడటంలో వింత లేదు.

ఆ గీత దాటినవాళ్లు మనవాళ్లలోనూ కొందరున్నారు. పంజాబ్‌కు చెందిన సత్నామ్ సింగ్ 2015 డ్రాఫ్ట్‌లో 52వ వాడిగా డల్లాస్‌కు ఎంపికయ్యాడు, మన దేశం నుంచి మొదటివాడు. ఎన్‌బీఏ మ్యాచ్ మాత్రం ఆడే అవకాశం రాలేదు. డల్లాస్ అనుబంధ జట్టు టెక్సస్ లెజెండ్స్‌కు ఆడి, తర్వాత కెనడా వెళ్లి, చివరికి అమెరికాలో కుస్తీ రింగులో తేలాడు. అంజ్యోత్ సింగ్ జపాన్‌లోనూ, ఓక్లహోమా సిటీ అనుబంధ జట్టుకూ ఆడాడు. అమృత్‌పాల్ సింగ్ 2017లో సిడ్నీ కింగ్స్‌కు వెళ్లాడు. ఇక్కడే ఒక ప్రైవేటు లీగ్ పెడితే బయటికి వెళ్లే అవసరం ఉండదని 2015లో యూబీఏ మొదలుపెట్టారు, హైదరాబాద్ పేరుతోనూ ఒక టీము ఉండేది. 2017 తర్వాత అది సాగలేదు.

విదేశాల్లో తిరిగే ఆట ఎన్‌బీఏ తిరుగుడు కంటే కఠినం. విశాఖలో షిప్పు ఉద్యోగం చేసేవాళ్ల ఇళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. కొన్ని నెలల కాంట్రాక్టు, అది ముగిశాక ఇంట్లో ఏజెంటు ఫోన్ కోసం ఎదురుచూపు, తర్వాతి షిప్పు వేరే కంపెనీది, వేరే జెండాది. అదృష్టం బాగోకపోతే జీతం ఎగ్గొట్టిన ఓనరు. విదేశీ క్లబ్బులో ఆటగాడి బతుకూ అంతే. మంచి క్లబ్బు ఫ్లాటూ కారూ ఇస్తుంది. చెడ్డ క్లబ్బు మూడు మ్యాచ్‌లు ఓడగానే జీతం ఆపేస్తుంది. చాలా లీగుల్లో విదేశీయులకు పరిమితి ఉంటుంది కాబట్టి, క్లబ్బు ఓడినప్పుడు మొదట మార్చేది వాళ్లనే. అలా వెళ్లి అక్కడే ఊరివాడైపోయినవాళ్లూ లేకపోలేదు. న్యూయార్క్ స్టార్ స్టెఫాన్ మార్బరీ 2010లో చైనా వెళ్లి, రెండు క్లబ్బులు మారి, మూడో చోట బీజింగ్‌కు మూడు టైటిళ్లు గెలిపిస్తే అక్కడివాళ్లు విగ్రహం పెట్టారు. అలాంటిది ఒక్కరికి దక్కుతుంది.

కాబట్టి కొడుకో కూతురో బయటి లీగ్‌కు ఆడతానంటే, ఎన్ని ఊళ్లు తిరగాలో అని దిగులుపడేకంటే కాంట్రాక్టు చదవడం మంచిది. జీతంలో ఎంత గ్యారంటీ? గాయమైతే ఎవరు భరిస్తారు? మధ్యలో తీసేస్తే ఏమిస్తారు? ఏజెంటు కమిషన్ ఎవరిది? ఒక దేశం నుంచి ఇంకో దేశానికి మారాలంటే పాత దేశపు ఫెడరేషన్ నుంచి క్లియరెన్స్ లెటర్ కావాలి, అది ఎవరు తెప్పిస్తారో రాసుకోవాలి. జీతం ఎగ్గొడితే ఫిర్యాదు చేయడానికి అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫీబా 2007లో ఒక మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్ పెట్టింది. దానికి జెనీవా కేంద్రం. తీర్పు పాటించని క్లబ్బు కొత్త ఆటగాళ్లను చేర్చుకోకుండా ఫీబా నిషేధించగలదు. అయితే వివాదాలు ఆ ట్రిబ్యునల్‌కే వెళ్తాయన్న క్లాజు కాంట్రాక్టులో ఉంటేనే అక్కడికి వెళ్లే దారి ఉంటుంది. సాధారణంగా చివరి పేజీల్లో, చిన్న అక్షరాల్లో ఉండే క్లాజు అది. సంతకం పెట్టే ముందే అది ఉందో లేదో చూసుకోవాలి, లేకపోతే రాయించుకోవాలి.